పిల్లలు స్టేజీ మీద ఆగిపోతే: అసలు కారణం ఎలా పట్టుకోవాలి

గ్రీన్‌రూంలో మేకప్ వేసుకున్న పిల్ల ఏడుస్తుంటే చుట్టూ ఉన్న పెద్దలందరి నోటా ఒకే మాట వస్తుంది: "స్టేజీ భయం". జబ్బుకు పేరు పెట్టేశాక మందు కూడా ఒకటే. "భయపడకూడదమ్మా, నువ్వు ధైర్యవంతురాలివి కదా" అని వచ్చినవారు వచ్చినట్టు చెబుతూనే ఉంటారు. పిల్ల ఇంకా గట్టిగా ఏడుస్తుంది. హైదరాబాద్‌లో చిన్న పిల్లలకు కూచిపూడి నేర్పుతూ 22 ఏళ్ళుగా నేను చూస్తున్నది ఇదే. ఆ ఏడుపు వెనుక నిజంగా భయం ఉండేది కొన్నిసార్లే. మిగిలినప్పుడు ఆకలి ఉంటుంది, బిగుతు ఉంటుంది, నిద్ర ఉంటుంది. లేదంటే నేను చాలా ఆలస్యంగా కనిపెట్టిన మరొక కారణం ఉంటుంది. ధైర్యం చెప్పడం వీటిలో ఒక్కదానికీ పనికిరాదు.

ఇక్కడ రాస్తున్నది 5 నుంచి 9 ఏళ్ళ పిల్లల గురించి. సాధన సరిగ్గా జరుగుతోందనీ, గజ్జెలు కట్టుకుని ఆడటం అలవాటైందనీ అనుకుని మొదలుపెడుతున్నాను.

లక్షణం: వేషం వేసినప్పటి నుంచి చిరాకు, అడిగితే చెప్పదు, ఊరికే ఏడుపు

ముందుగా చూడవలసినవి పొట్ట, మూత్రం, నడుము. ఈ మూడూ చూడకుండా "టీచర్, పాప భయపడుతోంది" అని నా దగ్గరకు వచ్చిన తల్లిదండ్రులను ఇప్పటికీ చూసి రమ్మని వెనక్కి పంపుతాను. ఇంత మామూలు విషయాన్ని ఇంతమంది ఎందుకు వదిలేస్తారో, ప్రతి డిసెంబరులోనూ మళ్ళీ మొదటి నుంచి ఎందుకు చెప్పవలసి వస్తుందో నాకు అర్థం కాదు.

ఒకసారి లెక్క వేయండి. కార్యక్రమం సాయంత్రం 6 గంటలకు అంటే పిల్లలను 2 గంటలకే మేకప్‌కు కూర్చోబెడతారు. బయలుదేరే హడావిడిలో 12 గంటలకు నాలుగు ముద్దలు తిని ఉంటారు. 6 గంటలకు జ్యోతి ప్రజ్వలన, ఆ తరువాత అతిథుల ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలు. 7 గంటలకు రావలసిన చిన్న పిల్లల అంశం 8 దాటాక వస్తుంది. అంటే ఆరేళ్ళ పిల్ల 8 గంటల పాటు సరైన తిండి లేకుండా కూర్చుంది. పెదవుల రంగు చెరిగిపోతుందని నీళ్ళు ఇవ్వరు. బాత్రూంకు వెళ్ళాలంటే దుస్తులన్నీ విప్పాలి కాబట్టి "కాసేపు ఆపుకో" అంటారు. తలకు సవరం, దాని మీద పూలజడ, చివర కుచ్చులు. ఆ బరువంతా నెత్తి మీది నాలుగు పిన్నులకు వేలాడుతూ ఉంటుంది. వడ్డాణం జారకూడదని ఊపిరి ఆడనంత బిగిస్తారు. ఈ స్థితిలో మనల్ని కూర్చోబెడితే మనమూ ఏడుస్తాం.

చేయవలసింది సులభం. మేకప్‌కు ముందు పెరుగన్నమో ఇడ్లీయో కడుపు నిండా పెట్టండి. అంశానికి గంటన్నర ముందు ఒక అరటిపండు ముక్కలు చేసి, పెదవులకు తగలకుండా నోట్లో పెట్టండి. నీళ్ళు స్ట్రాతో తాగించండి. దుస్తులు కట్టే ముందు ఒకసారి బాత్రూంకు తీసుకెళ్ళండి; "రావడం లేదు" అన్నా తీసుకెళ్ళండి. ముందు వేలాడే కుచ్చెళ్ళ ముక్క, వడ్డాణం, గజ్జెలు అన్నిటికన్నా చివర కట్టండి. మన అంశానికి ముందు ఇంకా మూడు అంశాలు ఉన్నాయనగా మొదలుపెడితే చాలు, రెండు గంటల ముందే బిగించి కూర్చోబెట్టవలసిన పని లేదు. వడ్డాణం కట్టేటప్పుడు పాపను గట్టిగా ఊపిరి పీల్చి పట్టుకోమనండి, అప్పుడు కట్టండి. ఊపిరి వదిలాక మీ వేలు ఒకటి లోపలికి దూరాలి. నెత్తి మీద ఎక్కడ నొప్పిగా ఉందో వేలు పెట్టి చూపించమనండి. ఆ ఒక్క పిన్ను తీసి పక్కన గుచ్చితే ఏడుపు ఆగిన సందర్భాలు నాకు లెక్కలేనన్ని.

ఇది చేశాక పది నిమిషాలు ఆగండి. సగానికి సగం కేసులు ఇక్కడే తీరిపోతాయి. తీరకపోతేనే కింద చదవండి.

లక్షణం: అమ్మ కొంగు వదలదు

ఐదారేళ్ళ పిల్లల్లో ఇది ఎక్కువ. ఇది స్టేజీకి సంబంధించినది కాదు, బడిలో చేరిన మొదటి రోజు ఏడుపు లాంటిది. తెర పక్క వరకు అమ్మ వస్తే విడిపోవడం సరిగ్గా స్టేజీ ఎక్కే క్షణంలో జరుగుతుంది. ఆ విడిపోవడాన్ని గంట ముందుకు జరపండి. క్లాసులో పెద్ద అమ్మాయి ఒకరికి పిల్లను అప్పగించి, "నేను కుర్చీలో కూర్చుని చూస్తాను, అయిపోగానే ఈ తలుపు దగ్గరే ఉంటాను" అని ఒక్కసారి చెప్పి వెళ్ళిపోండి. చెప్పకుండా జారుకోవద్దు. మళ్ళీ తలుపు సందులోంచి తొంగి చూడవద్దు.

తండ్రులకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు కలిపి ఇంకొక మాట. మేకప్ మొదలయ్యాక దిద్దుబాట్లు ఆపేయండి. "చేయి ఇంకా పైకెత్తు", "నిన్న అక్కడ తప్పు చేశావు, గుర్తుందా", "నవ్వడం మరిచిపోకు" అనే ప్రతి మాటా పిల్ల చెవిలో "ఏదో తప్పు జరగబోతోంది" అనే పడుతుంది.

లక్షణం: క్లాసులో చక్కగా చేస్తుంది, స్టేజీ మీద మధ్యలో ఆగిపోయి పక్కకు చూస్తుంది

ఈ భాగం నెమ్మదిగా చదవండి. నేను బాగా దెబ్బతిన్నది దీని దగ్గరే.

చాలా ఏళ్ళ క్రితం నా దగ్గర ఎనిమిదేళ్ళ పాప ఒకతి ఉండేది. క్లాసులో అందరికన్నా ముందు వరుస. అంగశుద్ధి, అంటే కదలికల్లో స్పష్టత, ఉంది, తాళం ఉంది, కళ్ళలో భావం పలికేది. ఒక సభలో ఆ పాపకు ఒంటరిగా అంశం ఇచ్చాను. ప్రవేశం బాగుంది, మొదటి జతి (తాళపు మాటలకు వేసే అడుగుల వరుస) బాగుంది. పల్లవి అయి చరణంలోకి వెళ్ళేచోట ఒక్కసారిగా ఆగిపోయింది. ఏడవలేదు, వణకలేదు. చేతులు అలాగే పట్టుకుని కళ్ళు మాత్రం తెర వైపు తిప్పింది. పాట సాగిపోయింది. చివరికి నమస్కారం చేసి దిగిపోయింది.

అందరూ భయపడిందన్నారు. నేనూ అదే అనుకున్నాను. తరువాతి మూడు నెలలు ఆ పాపకు ధైర్యం నేర్పడంలో గడిపాను. ఇంటికి వచ్చిన చుట్టాల ముందు ఆడించమన్నాను. వినాయక చవితికి వాళ్ళ అపార్ట్‌మెంటు మండపంలో ఆడించాను. మండపం ముందు కుర్చీల పక్కన నేనే నిలబడి చూశాను, అక్కడ బాగానే చేసింది. ఊపిరి పీల్చి వదలడం నేర్పాను. తరువాత మళ్ళీ ఒక సభ. పాప ఉత్సాహంగా స్టేజీ ఎక్కింది. ప్రవేశం, జతి, పల్లవి, మళ్ళీ అదే చరణం మొదట్లో, అదే చోట, అదే చూపుతో ఆగిపోయింది.

అదే చోట. నేను పట్టించుకోవలసింది ఆ మాట. భయం ఎక్కడైనా పట్టుకోవచ్చు. నిర్ణయించుకుని ఒకే చరణం దగ్గర కాచుకుని కూర్చోదు. ఒకే చోట రెండుసార్లు ఆగితే అక్కడ ఏదో లేదు అని అర్థం.

ఏమి లేదో తరువాతి వారం తెలిసింది. క్లాసులో ఆ అంశమే నడుస్తుండగా ఎవరో పిలిస్తే తలుపు వైపు తిరిగాను. నా వెనుక గజ్జెల చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే పాప అదే చరణం దగ్గర నిలబడి ఉంది. నేను ఎదురుగా కూర్చుని మళ్ళీ మొదలుపెట్టాను, ఆగకుండా పూర్తి చేసింది. ఈసారి నన్ను నేను గమనించుకున్నాను. ఆ చరణం మొదలయ్యే ముందు నా గడ్డం కొంచెం పైకి లేస్తోంది, కుడి చేయి ఒళ్ళో నుంచి కదులుతోంది. నాకు తెలియకుండానే పాపకు ముందుగా అందిస్తున్నాను. పాప చరణాన్ని గుర్తుపెట్టుకోలేదు, నా గడ్డాన్ని గుర్తుపెట్టుకుంది. మండపంలో బాగా చేయడానికి కారణం కూడా అదే, నేను ఎదురుగానే ఉన్నాను. సభలో నేను ఒక పక్కన తాళాలు పట్టుకుని నట్టువాంగం, అంటే ఆటకు తాళపు మాటలు, చెబుతూ కూర్చుంటాను. ఎదురుగా చీకటి తప్ప ఏమీ లేదు.

లోపం ఆ పాపలో లేదు. నేను నేర్పిన తీరులో ఉంది. మూడు నెలలు లేని భయానికి వైద్యం చేశాను. రెండోసారి ఆగినందుకు ఆ పాప తనను తాను పిరికిదాన్ని అనుకుంది. ఆ మాట తన నోటితోనే నాకు చెప్పింది. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

ఇది ఎలా జరుగుతుందో చెబుతాను. నేర్పేటప్పుడు టీచరు పిల్లలకు ఎదురుగా నిలబడుతుంది. వాళ్ళు కుడి చేయి ఎత్తాలంటే తాను ఎడమ చేయి ఎత్తుతుంది. పిల్లలు అద్దంలో చూసినట్టు చూసి చేస్తారు. చిన్న పిల్లలు చూసి చేయడంలో ఎంత చురుకైనవారంటే, టీచరు కదలికకు క్షణంలో వెయ్యో వంతు వెనుక ఉన్నట్టు కూడా కనిపించరు. చూసేవారికి పాఠం వచ్చేసిందనే అనిపిస్తుంది. గోడకు నిజంగా అద్దం ఉంటే అది రెండో ఆధారం. ముందు వరుసలో బాగా చేసే పిల్ల ఉంటే అది మూడోది. గది కూడా ఒక ఆధారమే: కిటికీ వైపు తిరగాలి, సరస్వతి పటం వైపు చేయి చాపాలి అని పిల్లలు గుర్తుపెట్టుకుంటారు. చెవికీ ఇలాంటిదే ఉంది. క్లాసులో టీచరు "తక ధిమి తక ఝణు" అని నోటితో చెబుతూ, కర్రతో తడుతూ, మార్పు వచ్చేచోట గొంతు కొంచెం పెంచుతుంది. రికార్డు చేసిన పాటలో ఆ పెంపు ఉండదు. చివరికి నేల కూడా మారుతుంది. మా క్లాసులో షాబాద్ బండలు, అడుగు వేస్తే పెళపెళమని వినిపిస్తుంది. సభలో తివాచీ పరిస్తే తన అడుగు తనకే వినిపించక, తాళం తప్పానేమోనని పిల్ల తడబడుతుంది.

స్టేజీ ఎక్కగానే ఈ ఆధారాలన్నీ ఒక్కసారిగా పోతాయి. అప్పుడు పిల్ల కంగారుపడుతుంది, నిజమే. కానీ ఆ కంగారు కారణం కాదు, ఫలితం. మనం ఫలితానికి మందు వేస్తూ కూర్చుంటాం.

పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు, పావుగంట చాలు. పాప రోజూ ఏ గోడ వైపు చూసి సాధన చేస్తుందో దానికి వ్యతిరేకంగా నిలబెట్టండి. మీరు వెనుక కూర్చోండి, అద్దం ఉంటే దుప్పటి కప్పండి. పాట పెట్టి ఆడమనండి. ఆగిన చోటు కాగితం మీద రాసుకోండి, ఏమీ అనవద్దు. మరునాడు మళ్ళీ చేయించండి. రెండు రోజులూ ఒకే చోట ఆగితే కారణం ఇదే. వేర్వేరు చోట్ల ఆగితే సాధన తక్కువైంది. ఎక్కడా ఆగకపోతే పాఠం పాపదే, అప్పుడు మీరు భయం గురించి ఆలోచించవచ్చు. ఇంకొక పరీక్ష కూడా ఉంది: పాటను మధ్యలో నుంచి పెట్టండి. మొదటి నుంచి అయితేనే చేయగలిగి, మధ్యలో అందుకోలేకపోతే, పాప దగ్గర ఉన్నది గొలుసు మాత్రమే. ఒక్క కొక్కెం ఊడితే మొత్తం జారిపోతుంది.

సరిదిద్దడానికి కనీసం మూడు వారాలు పెట్టుకోండి. మొదటి పని దిక్కు మార్చడం. ఒకరోజు తూర్పు, ఒకరోజు పడమర, ఒకరోజు మేడ మీద, ఒకరోజు మరో గదిలో. "కిటికీ వైపు" అనే మాట మానేసి "నీ కుడి భుజం వైపు" అనండి. గది మారుతుంది, భుజం పాపతోనే వస్తుంది. రెండో పని టీచరు చేయాలి: ఎదురు నుంచి పక్కకు, పక్క నుంచి వెనక్కు జరగాలి. అంత సులభం కాదు. అందివ్వకుండా కూర్చోవడం నాకు పిల్లలకు నేర్పడం కన్నా కష్టమనిపించింది. నేను చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చునేదాన్ని.

మూడోది అంశాన్ని ముక్కలు చేయడం. ప్రతి ముక్కకూ పిల్లే పేరు పెట్టాలి: కృష్ణుడు ఉట్టి అందుకునే చోటు, యశోద చెవి పట్టుకునే చోటు, నెమలి చోటు. ఆ తరువాత "నెమలి చోటు నుంచి చెయ్యి", "ఉట్టి నుంచి చెయ్యి" అని ఎక్కడ అడిగితే అక్కడి నుంచి మొదలుపెట్టించాలి. పిల్లలు దీన్ని ఆటలా తీసుకుంటారు. పది రోజుల్లో గొలుసు స్థానంలో పటం ఏర్పడుతుంది. ఎక్కడ తప్పిపోయినా తరువాతి ఊరు ఏదో తెలుస్తుంది.

నాలుగోది అన్నిటికన్నా విలువైనది. మరిచిపోతే ఏమి చేయాలో ముందే నేర్పండి. "మరిచిపోవద్దు" అనడం పిల్ల చేతిలో లేని పని చెప్పడం. "మరిచిపోతే నడుము మీద చేతులు పెట్టుకుని, నవ్వు ముఖంతో, తాళానికి కాళ్ళు మార్చి తడుతూ ఉండు, తరువాతి ముక్క పాటలో వినగానే కలిసిపో" అనేది చేయగలిగిన పని. దీన్ని కూడా సాధన చేయించాలి. ఆడుతుండగా మధ్యలో నేను చప్పట్లు కొడితే మరిచిపోయినట్టు లెక్క. వెంటనే తట్టులోకి రావాలి, ఆ తరువాత కలవాలి. ఇది వచ్చిన పిల్లలు స్టేజీ ఎక్కేటప్పుడు నడిచే తీరే వేరుగా ఉంటుంది.

ఆ పాప విషయం చెప్పి ముందుకు వెళతాను. మరుసటి సంక్రాంతికి మళ్ళీ అదే అంశం చేసింది. ఆ పాత చరణం దాటిపోయింది. చివరి చరణంలో ఒకచోట నిజంగానే మరిచిపోయింది. నడుము మీద చేతులు పెట్టుకుని రెండు ఆవర్తాలు (తాళం రెండు చుట్లు) తడుతూ నవ్వింది, తరువాతి పాదం రాగానే కలిసింది. దిగివచ్చి నా చెవి దగ్గరకు వంగి "టీచర్, నేను మరిచిపోయాను. మీకు తెలిసిందా?" అని అడిగింది.

బృంద నృత్యంలో ఇదే సమస్య ఇంకా దాగి ఉంటుంది. ఎనిమిది మందిలో ఇద్దరికే అంశం వచ్చి ఉంటుంది, మిగిలిన ఆరుగురు ఆ ఇద్దరిని చూసి చేస్తుంటారు. ఆ ఇద్దరిలో ఒకరికి జ్వరం వచ్చిన రోజున వరుస మొత్తం కూలిపోతుంది, "పిల్లలందరూ భయపడ్డారు" అంటారు. ప్రతి పిల్లా వారానికి ఒకసారి ముందు వరుస మధ్యలో నిలబడి చేయాలి. మా పాప ముందు వరుసలో లేదేమని అడిగే తల్లిదండ్రులు, ఫోటో కోసం కాకుండా దీని కోసం అడగండి.

కార్యక్రమం ఎల్లుండే అంటే మూడు వారాల పని చేయలేరు. అప్పుడు కొత్తగా ఏమీ నేర్పవద్దు. ఆగే చోటు ఒక్కటి తీసుకుని, దానికి ముందు రెండు పాదాలు, తరువాత రెండు పాదాలు, నాలుగు దిక్కులకూ తిప్పి చేయించండి. తట్టు నేర్పండి. టీచరు ఏ పక్కన ఉంటుందో ముందే చూపించండి. టీచరు ముఖం కనిపిస్తే చాలు; పక్క తెరలో నిలబడి చేతులతో ఆడి చూపించవద్దు. పిల్ల తల అటే తిరిగి, కొన్ని అడుగులకు శరీరం కూడా అటే జరిగిపోతుంది.

లక్షణం: చేతులు చల్లబడటం, కడుపునొప్పి, రెండు రోజుల ముందు నుంచి "నేను చేయను"

పైన చెప్పినవన్నీ చూశాక కూడా ఇవి ఉంటే, అది భయమే. భయాన్ని కాదనవద్దు. గుండె వేగంగా కొట్టుకోవడం, నోరు ఎండిపోవడం, మాటిమాటికీ మూత్రం రావడం, ఇవన్నీ శరీరం పెద్ద పనికి సిద్ధమయ్యేటప్పుడు జరిగేవే. "భయం లేదు" అని మీరు అంటే, లోపల గుండె దడదడలాడుతున్న పిల్ల తనలోనే ఏదో తేడా ఉందనుకుంటుంది. "గుండె కొట్టుకుంటోందా? నాకూ స్టేజీ ఎక్కే ముందు అలాగే కొట్టుకుంటుంది. ఆడటం మొదలుపెట్టాక దానికి పని దొరుకుతుంది" అనండి. నాకు ఇప్పటికీ కొట్టుకుంటుంది, అందుకే ఆ మాట చెప్పగలుగుతున్నాను.

ఊపిరి విషయంలో, గట్టిగా పీల్చమని చెప్పకండి, పిల్లలు భుజాలు ఎగరేసి మరింత బిగుసుకుంటారు. వేడి పాలు ఊదినట్టు నెమ్మదిగా, పొడవుగా ఊదమనండి. ఐదుసార్లు చాలు. పిల్లను కూర్చోబెట్టకండి. పక్క తెర వెనుక అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకు వంచి, నిలబడి, గజ్జెలు మోగేలా, కానీ బయటికి వినిపించనంత మెల్లగా అడుగులు వేయించండి.

స్టేజీ ముందుగా చూపించడం వీటన్నిటికన్నా పెద్ద మందు. హాలు మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడే వెళ్ళండి. పక్క తెర నుంచి మధ్యకు ఎన్ని అడుగులో పిల్ల లెక్కపెట్టాలి. అంచు ఎక్కడో, దిగే మెట్లు ఎక్కడో చూడాలి. లైట్ల మనిషిని బతిమాలి ఒక్క నిమిషం దీపాలన్నీ వేయించండి. ఆ వెలుగులో ఎదురుగా జనం కనిపించరు, నల్లగా ఉంటుంది. ఈ సంగతి ముందే తెలియని పిల్లలు కొందరు జనానికి కాదు, ఆ చీకటికి భయపడతారు. శిల్పారామం లాంటి ఆరుబయట వేదికల మీద ఇందుకు సరిగ్గా వ్యతిరేకం: ఎదురుగా జనం లేచి నడుస్తుంటారు, పసిపిల్లలు పరుగెత్తుతుంటారు, ఫోన్లు పైకి లేస్తాయి. రెండిటికీ వేర్వేరుగా సిద్ధం చేయాలి.

ఇంట్లో చేయదగిన పని ఒకటి మన సంప్రదాయంలోనే ఉంది. కూచిపూడిలో పాత్ర ప్రవేశానికి ఇద్దరు మనుషులు తెర పట్టుకునేవారు. పాత్ర దాని వెనుక నుంచే తనను తాను పరిచయం చేసుకుంటూ, కాసేపటికి ముందుకు వచ్చేది. ఇంట్లో ఇద్దరు ఒక చీర పట్టుకోండి. ఇవతల నలుగురు కూర్చోండి. పిల్ల చీర వెనుక అడుగులు మొదలుపెట్టాక చీర దించండి. తెర తొలగగానే ఎదుట మనుషులు ప్రత్యక్షమయ్యే ఆ ఒక్క క్షణమే చాలామంది పిల్లలను గడ్డకట్టిస్తుంది. పదిసార్లు చీర దించితే ఆ క్షణం పాతబడుతుంది.

మొదటి ప్రదర్శనే రవీంద్రభారతిలో ఉండాలని పట్టుబట్టే తల్లిదండ్రులు నాకు ఏటా కనిపిస్తారు. వెయ్యి మంది పట్టే హాలు ఆరేళ్ళ పిల్లకు మొదటి మెట్టు కాదు. క్లాసులోని పిల్లల ముందు, తరువాత అపార్ట్‌మెంటు హాలులో, తరువాత నవరాత్రులకు కాలనీ గుడి మండపంలో, ఆ తరువాత చిక్కడపల్లి త్యాగరాయ గానసభ లాంటి చోట, ఇలా ఎక్కించండి. గుడిలో ఆడటం పిల్లలకు తేలిక. ఎదురుగా దేవుడున్నాడు, ఆయనకే చూపిస్తున్నానని వాళ్ళు నిజంగా నమ్ముతారు. ఒక్క జాగ్రత్త: మండపాల్లో ఉత్త సిమెంటు నేల మీద ఆడిస్తే పాదాలు మండిపోతాయి, ముందు చూసుకోండి.

అరుదుగా ఎదురయ్యేవి

రోజూ కళ్ళద్దాలు పెట్టుకునే పిల్లకు స్టేజీ కోసం తీసేస్తే అంచు కనిపించక వెనక్కి వెనక్కి జరుగుతుంది. ముందు వారం నుంచే అద్దాలు లేకుండా సాధన చేయించండి, లేదా పెట్టుకునే ఆడనివ్వండి. స్పీకరుకు మరీ దగ్గరగా నిలబడే పిల్లలు చప్పుడుకు ఉలిక్కిపడతారు, నిలబడే చోటు మార్చండి. ఒళ్ళు వెచ్చగా ఉంటే ఆడించవద్దు. నాట్యమే ఇష్టం లేని పిల్లలు ఉంటారు, వాళ్ళను వదిలేయండి. స్టేజీ అనే కాదు, బడిలోనూ బంధువుల ఇళ్ళలోనూ నెలల తరబడి నోరు విప్పని పిల్లను మాత్రం పిల్లల డాక్టరుకు చూపించాలి. అది నాట్యం టీచరు తీర్చగలిగేది కాదు.

ఆగిపోయి దిగివచ్చిన పిల్లతో

ఆ రాత్రి వీడియో చూపించకండి. బంధువులకు పంపకండి. "ఏమైంది?" అని అడగకండి, ఏమైందో తనకూ తెలియదు. ముందు గజ్జెలు విప్పి పాదాలు నిమరండి, జడ విప్పండి, అన్నం పెట్టండి. ఇంటికి వెళ్ళే దారిలో తనంతట తాను ఎత్తితే వినండి. రెండు మూడు రోజులయ్యాక దిక్కు మార్చి పైన చెప్పిన పరీక్ష చేయండి. రెండు వారాలు తిరగకముందే చిన్న చోట, పదిమంది ముందు, అదే అంశం మళ్ళీ ఆడించండి. ఈసారి ఎదురుగా కూర్చునేవారిలో టీచరు ఉండకూడదు.